నట్టకు నామకరణం

జాతి జన్యుపరంగా నిర్ధారణ కానిదే ఏ నట్టకూ మందు వేయరాదని పశుక్షేమ శాఖ ఉత్తర్వు వెలువరించిన రోజున గుడిసెలకుంట పశువుల ఆసుపత్రి డాక్టరు వారిజాక్షి చాలా సంతోషించింది. సంతోషించక ఏం చేస్తుంది? ఆ ఉత్తర్వుకు విత్తనం వేసింది ఆమే.

అంతకు ముందు రాజధానిలో ఒక సదస్సు జరిగితే వెళ్ళి పత్రం చదివింది. గొర్రెల కడుపులో పెరిగే నట్టల్లో, అంటే నులిపురుగుల్లాంటి వాటిల్లో, చాలా రకాలున్నాయని, వాటి గుడ్లు సూక్ష్మదర్శినిలో చూస్తే దాదాపు ఒకేలా కనిపిస్తాయని, ఏ రకం నట్ట ఏ మందుకు లొంగడం మానేసిందో తెలియాలంటే జన్యు పరీక్ష మంచి దారి అని, జిల్లాకు కొన్ని మందలను ఎంచుకుని ఏడాదికోసారి పరీక్షిస్తే బాగుంటుందని చెప్పింది. నిజంగానే మంచి మాట. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని పెద్దలు నిద్ర లేచి మరీ కొట్టారు. ఉద్యోగంలో కొత్త కాబట్టి, మంచి మాట ఫైల్లో పడ్డాక దానికి ఏ గతి పడుతుందో ఆమెకు తెలియదు.

"కొన్ని మందలు" అన్న మాట ఒక గది దాటేసరికి "అన్ని మందలు" అయింది. "ఏడాదికోసారి" అన్నది పక్క గదిలో "ప్రతిసారీ" అయింది. "బాగుంటుంది" అన్నది ఆఖరి గదిలో "అట్లు చేయని యెడల క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును" అయి బయటికొచ్చింది. "ముందు పేరు, ఆపై మందు" అని పథకానికి ఒక నినాదం తయారైంది. ఆసుపత్రి గోడ మీద దాన్ని ఆకుపచ్చ రంగులో రాయించారు. మందు సీసాలున్న బీరువాకు లక్క వేసి ముద్ర కొట్టారు. మందుల కొట్లకు కూడా తాఖీదులు వెళ్ళాయి. నట్ట పేరు రాసిన చీటీ తేనివాడికి మందు అమ్మితే లైసెన్సు పోతుందన్నారు. అంతా పకడ్బందీగా జరిగింది.

ఆ వెంటనే వానలు పడ్డాయి. వానలకు గడ్డి మొలిచింది, గడ్డితో పాటు నట్టలు కూడా గొర్రెల కడుపుల్లో చేరాయి. అవి ఉత్తర్వు చదువుకోలేదు.

మొట్టమొదట వచ్చింది నింగమ్మ. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు మాత్రం మూడు చేలు అవతలికి వినపడుతుంది. భర్త బెంగుళూరులో కట్టడం పనులకు పోతే మందనంతా ఒక్కతే తోలుకుంటుంది. ఆ రోజు నాలుగు గొర్రెలను, ఒక పొట్టేలును ముందుకు నెట్టుకుంటూ ఆసుపత్రి మెట్లెక్కించేసింది.

"డాక్టరమ్మా, నా జీవాలు మేతే ముట్టడంల్యా. గొంతు కింద నీళ్ళు దిగినాయి సూడు. నడుస్తా నడుస్తా కూలబడతాండాయి. నట్టల మందియ్యి తల్లీ, పోసుకొని పోతా."

వారిజాక్షి ఒక గొర్రె కంటి రెప్ప కిందికి లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది. పెంటికలు తీసుకుని పరీక్షించింది. గుడ్లు కుప్పలు కుప్పలుగా కనిపించాయి. ఆ నట్ట రక్తం తాగేదని, ఆలస్యమైతే మంద మందే పోతుందని ఆమెకు అనుమానం లేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. లక్క ముద్ర మీద శాఖ వారి ఎద్దు బొమ్మ ఆమెను తీరిగ్గా చూసింది.

"నట్టలే నింగమ్మా. కానీ ఏ నట్టలో తేలాలి."

"ఏ నట్టలేంది? కడుపులో ఉండే నట్టలు."

"వాటిల్లో రకాలుంటాయి. పేరు తెలిస్తేనే మందివ్వాలని రూలొచ్చింది."

"రూలంటే మనమేం చేస్తాం. ఏదో ఒక పేరు పెట్టు తల్లీ. పిలిస్తే పలకాల్నా ఏమన్నా అది?"

"అట్లా కుదరదమ్మా. జిల్లా ఆఫీసులో యంత్రముంది. పేరు అది చెప్పాలి."

"ఎప్పుడు చెప్తాది?"

"తొందర్లోనే" అంది వారిజాక్షి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నిజంగానే నమ్మింది.

*

జన్యు యంత్రం సంయుక్త సంచాలకుల గదిలో కొలువై ఉంది. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలని తయారుచేసినవాళ్ళు చెప్పారు. ఆఫీసు మొత్తానికి చల్లటి గది ఆయనదొక్కటే. పరీక్షల కోసం కట్టిన కొత్త గదిలో చల్లదనం యంత్రం బిగించే లోపు చల్లదనానికి కేటాయించిన నిధులు వేడెక్కి ఆవిరైపోయాయి.

సంయుక్త సంచాలకులు అంటే జిల్లాలో పశుక్షేమ శాఖకు పెద్దదిక్కు. ఆయన్ని అందరూ జేడీ సారు అంటారు. అసలు పేరు పరాంకుశం అని జీతం బిల్లులు రాసేవాళ్ళకు, శిలాఫలకాలు చెక్కేవాళ్ళకు మాత్రమే గుర్తుంటుంది. ఆయన మనసు చెడ్డది కాదు. కాకపోతే జిల్లాలో ఏ పని జరిగినా అది తన స్వహస్తాలతో మొదలవ్వాలనేది ఆయన వ్రతం. దూడకు తొలి టీకా, గడ్డి విత్తనాల తొలి గుప్పెడు, కొత్త చీపురుతో తొలి ఊడ్పు అన్నీ ఆయన స్వహస్తాలతోనే జరిగేవి. ఆ శాఖలో స్వహస్తాలు ఆయనకు మాత్రమే ఉండేవి. మిగతా వాళ్ళందరివీ ఉత్త చేతులు.

నింగమ్మ పొట్టేలు పెంటికల నమూనా జిల్లాకే మొదటిది కావడంతో దానికి ప్రారంభోత్సవం పెట్టారు. యంత్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చామంతి దండ వేశారు. కొబ్బరికాయ దాని నెత్తిన కొట్టబోతుంటే యంత్రం నడిపే ఖాదర్ బాషా అడ్డం పడి, పక్కనున్న స్టూలు మీద కొట్టించాడు. బాషా పట్నంలో శిక్షణ పొంది, ఒక సంచీ, ఒక టోపీ పుచ్చుకుని వచ్చిన వాడు. యంత్రమంటే అతనికి ప్రాణం. దాని మాటే అతని మాట.

పెంటికలను వెండి పళ్ళెంలో పోసి, తమలపాకు మీద పెట్టి తెచ్చారు. జేడీ గారు చొక్కా చేతులు మడిచారు.

"సార్, చేతికి తొడుగులు వేసుకోండి" అంది వారిజాక్షి, పెట్టె ముందుకు చాపుతూ.

ఆయన జాలిగా చూశారు. "తొడుగులు వేసుకుంటే అవి స్వహస్తాలు ఎట్లా అవుతాయమ్మా?"

ఫోటో తీసేవాడు మరోసారి, ఇంకోసారి అంటుంటే జేడీ గారు పెంటికను వేళ్ళ మధ్య నలుపుతూ నవ్వుతూ నిలబడ్డారు. తర్వాత దాన్ని గాజు గొట్టంలో వేశారు. మూత పెట్టకుండానే గొట్టాన్ని నోటి దగ్గర పట్టుకుని ప్రసంగం ఎత్తుకున్నారు.

"ఈ చిన్న గొట్టములో మన జిల్లా పశుసంపద యొక్క ఉజ్జ్వల భవిష్యత్తు దాగియున్నదని సగర్వంగా మనవి చేయుచున్నాను. ప్రపంచ దేశాలు సైతం ఈ గొట్టము వైపు చూచుచున్నవి..."

ఉజ్జ్వల అన్నప్పుడల్లా తుంపర్లు పడ్డాయి. ప్రసంగంలో ఉజ్జ్వలలు చాలానే ఉన్నాయి. వారిజాక్షి లోలోపల గింజుకుంది. శాస్త్రం చదువుకున్నదంతా ఆ గొట్టంలో మునిగిపోతున్నట్టు అనిపించింది. అయినా అంతమంది ముందు పెద్దాయన నోటికి మూత పెట్టడం ఎట్లాగో ఆమె చదివిన పుస్తకాల్లో లేదు.

*

ఫలితం వచ్చింది. బాషా గట్టిగా చదివాడు. "నమూనాలో ఉన్న జీవి: గొర్రె."

సమావేశంలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సార్, పెంటికలో గొర్రె పేగుల తాలూకు కణాలు కూడా ఉంటాయి" అంది వారిజాక్షి. "వాటినే యంత్రం పట్టుకుంది. నట్ట ఇంకా దొరకలేదు."

"యంత్రం దొరికిందే చెప్తాది మేడం. దొరకనిది చెప్పదు" అన్నాడు బాషా కొంచెం నొచ్చుకుని.

జేడీ గారు కళ్ళు మూసుకుని ఆలోచించి తెరిచారు. "అనగా గొర్రె కడుపులో మరొక గొర్రె ఉన్నదన్నమాట."

"చూలు గొర్రె అయ్యుంటుంది సార్" అన్నారు గణాంకాల అధికారి తిరువేంగళం గారు.

"ఆ నమూనా పొట్టేలుది" అంది వారిజాక్షి.

చల్లదనం యంత్రం ఒక్కటే గుర్రుమంది.

"విజ్ఞాన శాస్త్రము మన ఊహలకు లోబడి నడవదు" అన్నారు చివరికి జేడీ గారు. తిరువేంగళం గారి మొహం వెలిగిపోయింది. ఆయన చాలాకాలంగా జిల్లాలో గొర్రెల సంఖ్య పెంచమని పైనుంచి చీవాట్లు తింటున్నారు. ప్రతి గొర్రెలోనూ ఇంకో గొర్రె ఉన్నట్టు యంత్రమే చెప్పింది కాబట్టి అక్కడికక్కడే సంఖ్యను రెట్టింపు చేశారు. గొర్రెల పెంపకంలో జిల్లా అగ్రస్థానమని సాయంత్రానికల్లా పత్రికలకు చెప్పారు.

"మరి మందు, సార్?"

"ఎట్లా ఇస్తామమ్మా? నట్టల మందు లోపలి గొర్రెకు తగిలితే జంతుహింస కాదూ?"

వారిజాక్షి తిరిగి గుడిసెలకుంట చేరేసరికి నింగమ్మ ఆసుపత్రి వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన ఒక గొర్రె పడుకుని ఉంది. ఇక లేవదని చూడగానే తెలిసింది.

"ఇది మంద ముందర నడిచేది తల్లీ" అంది నింగమ్మ. ఆ గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా ఉంది. "ఇది యాడికి పోతే అన్నీ ఆడికే పోతాయి. యంత్రం ఏమన్నా చెప్పెనా?"

"చెప్పింది."

"ఏమని?"

"గొర్రె అని."

నింగమ్మ ఆమె మొహంలోకి చూసింది. తిట్టలేదు. "గొర్రె అని నేను చెప్పింటి కదమ్మా" అంది అంతే.

వారిజాక్షి సిగ్గుపడి లోపలికి చూసింది. బీరువా అక్కడే ఉంది, మందు అందులోనే ఉంది, ఆమె చేతిలో తాళంచెవి కూడా ఉంది. లక్క ముద్ర పగలగొడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఈ మండలానికి ఉన్న ఒక్క డాక్టరూ ఉండదు. ఇట్లా తనకు తాను చెప్పుకుని, ఆ చెప్పుకోవడం మీద తనకే అసహ్యం వేసి, కత్తి తెప్పించింది. చనిపోయిన గొర్రె కడుపు కోసి ఎర్రగా, మెలికలు తిరిగి ఉన్న నట్టలను బయటికి తీసింది. ఈసారి పెంటికలతో పని లేదు. సాక్షాత్తూ నట్టనే యంత్రం ముందు నిలబెడుతుంది.

*

నట్టలను శుభ్రంగా కడిగి, సీసాలో పెట్టి, మూతకు మైనం వేసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఖాదర్ బాషా చేతికే ఇవ్వబోయింది.

"డైరెక్టుగా నేను తీసుకోకూడదు మేడం. ముందు సారు స్వీకరించాల."

సారు స్వీకరించారు. మైనం గోరుతో గీకి, మూత తీసి, ఒక నట్టను అరచేతిలో వేసుకున్నారు.

"ముచ్చటగా ఉన్నది సుమా! మన జిల్లా నేల ఎంతటి సారవంతమైనదో దీనిని చూచిన తెలియుచున్నది" అని దాని మీదికి వంగి, ఈ పర్యాయం క్లుప్తంగానే, ప్రసంగించారు. క్లుప్తంగా అంటే టీ వచ్చేవరకు.

ఫలితం చదవబోయి బాషా ఆగిపోయాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నమూనాలో ఉన్న జీవి: మనిషి."

జేడీ గారు లేచి నిలబడ్డారు. ఇది తమ ఒక్క శాఖతో తేలే విషయం కాదని గ్రహించి, ఆ మధ్యాహ్నానికే మిగతా శాఖల వాళ్ళను కూడా పిలిపించారు. గొర్రె కడుపులో మనిషి నివసిస్తున్నాడంటే అతనికి తాగునీటి వసతి ఏమిటని ఒకరు అడిగారు. లోపలున్నవాళ్ళలో ఓటు వయసు వచ్చినవాళ్ళెందరో తేల్చాలని, మంద ఊరూరూ తిరుగుతుంది కాబట్టి వాళ్ళు ఏ పోలింగు కేంద్రం కిందికి వస్తారో స్పష్టత కావాలని ఇంకొకరు అన్నారు. గొర్రెను నివాసగృహంగా పరిగణించవచ్చునా, పరిగణిస్తే పన్ను కట్టాల్సింది లోపలివాడా, నింగమ్మా అన్నదాని మీద మాత్రం గట్టి చర్చ జరిగింది. లోపలివాడిది అద్దె నివాసమని తేల్చారు.

వారిజాక్షి ఇక ఉండబట్టలేకపోయింది. "సార్! గొర్రెలో మనిషి లేడు. నట్టను ఉత్త చేతులతో ముట్టుకున్నందుకు, దాని మీద మాట్లాడినందుకు, మన చర్మమూ మన ఉమ్మీ దానికి అంటుకున్నాయి. ఆ మనిషి మనలోనే ఎవరో ఒకరు!"

చివరి ముక్క ఒక్కటే జేడీ గారి చెవిన పడింది.

"మనలోనే? అనగా మన శాఖకు చెందిన వ్యక్తియే జీవాల కడుపున చేరి రక్తము తాగుచున్నాడని మీ ఆరోపణా?"

"నేనట్లా అనలేదు సార్..."

"తీవ్రమైన ఆరోపణ. దీనిని ఉపేక్షించజాలము. సమగ్ర విచారణకు ఆదేశిస్తున్నాను. ఎంతటివాడైనా సరే, వదిలేది లేదు!"

సిబ్బంది అంతా ఉమ్మి నమూనాలు ఇవ్వాలని ఆదేశం వచ్చింది. ఆఫీసు నడవాలో వరస కట్టారు. ఇన్నేళ్ళ కొలువులో ఆ ఆఫీసులో ఉమ్మరాదన్న బోర్డుల కిందే గోడల మీద ఉమ్మినవాళ్ళందరికీ గొట్టంలో ఉమ్మమంటే నోరెండిపోయింది. తిరువేంగళం గారికి చింతకాయ చూపించాల్సి వచ్చింది. అందరికంటే ముందు, అందరికీ ఆదర్శంగా, ఫోటో తీసేవాడి ఎదుట, జేడీ గారు స్వముఖంతో ఉమ్మారు.

వారిజాక్షి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఎవరి పేరు వస్తుందో ఆమెకు తెలుసు. ఊళ్ళో ఇంకెన్ని గొర్రెలు పడ్డాయో మాత్రం తెలియదు.

*

ఫలితాన్ని ఖాదర్ బాషా చదవలేదు. యంత్రం తెరను జేడీ గారి వైపు తిప్పి, తన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

గుడిసెలకుంట మండలం గొర్రెలలో గుర్తించబడిన పరాన్నజీవి: శ్రీ పరాంకుశం, సంయుక్త సంచాలకులు.

గదిలో ముగ్గురే ఉన్నారు. జేడీ గారు ఆ వాక్యాన్ని చాలాసేపు చదివారు. అందులో అక్షర దోషమేదైనా ఉంటుందేమోనని చూసినట్టున్నారు. లేదు.

"యంత్రం తప్పు చెప్పి ఉంటుంది కదూ బాషా?" అన్నారు మెల్లగా, మామూలు తెలుగులో.

"యంత్రం తప్పు చెప్పదు సార్" అన్నాడు బాషా కళ్ళనీళ్ళతో. "కానీ మీరు సంతకం పెట్టినారు కదా సార్, కొన్నప్పుడు. బ్రహ్మాండంగా పనిచేస్తోందని. మొన్న కూడా పెట్టినారు. గొర్రె అని వచ్చినప్పుడు."

వారిజాక్షి ముందుకొచ్చింది. అప్పటిదాకా ఆమె వాదించింది, వివరించింది, బతిమాలింది. అవేవీ ఈ గదిలో పనికిరావని ఇప్పటికి అర్థమైంది. అందుకని ఆ గది భాషలోనే మాట్లాడింది.

"సార్, ఉత్తర్వు ప్రకారం పరాన్నజీవి పేరు నిర్ధారణ అయినచో మందు వాడుటకు తమరు అనుమతి మంజూరు చేయవలసియున్నది. పేరు నిర్ధారణ అయినది. తమరి అనుమతి కోరుచున్నాను."

"నా మీద నన్నే మందు వేయమని సంతకం పెట్టమంటావా అమ్మా?"

"లేదంటే యంత్రం ఫలితాలన్నీ తప్పని తమరే రాయవచ్చు సార్. గొర్రెల సంఖ్య రెట్టింపైందని పైకి పంపినది కూడా."

జేడీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. చల్లటి గదిలో ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వేళ్ళు మడుస్తూ లెక్కవేశారు.

"యంత్రం తప్పైతే పథకం తప్పు. పథకం తప్పైతే దాన్ని ప్రారంభించిన నేను తప్పు. అది రాష్ట్రమంతా తెలుస్తుంది. యంత్రం ఒప్పైతే..." ఆయన ఒక నిట్టూర్పు విడిచారు. "యంత్రం ఒప్పైతే నేను నట్టను. అంతే కదా?"

"అంతే సార్."

"దాంతో ఉద్యోగానికి ఇబ్బందేమీ లేదు కదా?"

"నట్ట అయినంత మాత్రాన ఉద్యోగంలో కొనసాగరాదని నిబంధనల్లో ఎక్కడా లేదు సార్."

ఆయన మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. కలం తీసుకున్నారు. గుడిసెలకుంట మండలం గొర్రెలలో నివసించుచున్న శ్రీ పరాంకుశం, సంయుక్త సంచాలకులు అను పరాన్నజీవిని సమూలముగా నిర్మూలించు నిమిత్తము నట్టల మందు వాడుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది అని రాసి, కింద పరాంకుశం, సంయుక్త సంచాలకులు అని సంతకం చేశారు. చేసి, పద్ధతి ప్రకారం ముద్ర కూడా వేశారు.

వారిజాక్షి పరుగెత్తి బస్సెక్కింది. ఆసుపత్రికి వచ్చి లక్క ముద్ర పగలగొట్టింది. ఆ చప్పుడు ఆమెకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. సీసాలన్నీ సంచిలో వేసుకుని నింగమ్మ మంద దొడ్డికి తనే వెళ్ళింది. గొర్రెల్లో చాలా వాటికి గొంతు కింద నీళ్ళు దిగి ఉన్నాయి. మందలో ఇంకొన్ని తగ్గాయి కూడా. ఎన్ని తగ్గాయో ఆమె అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

నింగమ్మ ఒక్కొక్క గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని నోరు తెరిచి పట్టుకుంటే వారిజాక్షి మందు పోస్తూ పోయింది.

"పేరు తెలిసెనా తల్లీ?"

"తెలిసింది."

"ఏం పేరు?"

వారిజాక్షి కొంచెం తటపటాయించింది. అబద్ధం చెప్పడానికి ఆమె దగ్గర వేరే పేరేదీ లేదు. "పరాంకుశం" అంది.

"పేరు బాగుండాది" అంది నింగమ్మ. ఇంకో గొర్రె నోరు తెరిచి, దాని చెవిలో గట్టిగా చెప్పింది. "మింగే తల్లీ, మింగు. ఇంగ ఆ పరాంకుశం చస్తాడు."

*

మందు పనిచేసింది. అసలు ఆ మందు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంది. మిగిలిన గొర్రెలు వారం తిరిగేసరికి మేత పట్టాయి. కంటి రెప్పల కింద ఎరుపు తిరిగింది. చుట్టుపక్కల మందలకు కూడా అదే అనుమతి మీద అదే మందు పోశారు. ఒకే పరాన్నజీవి మండలమంతటా వ్యాపించి ఉందనడంలో ఎవరికీ అనుమానం రాలేదు.

నట్టకు పేరు పెట్టి, మందు వేసి, గుణం చూపించిన తొలి జిల్లా ఇదేనని రాజధాని గుర్తించింది. ఆ పేరేమిటో అక్కడ ఎవరూ చదవలేదు. పేరు గడి నిండి ఉందా లేదా అన్నదే చూశారు. గుడిసెలకుంటలో విజయోత్సవ సభ జరపాలని, లబ్ధిదారుల చేత వాళ్ళ అనుభవాలు చెప్పించాలని ఆదేశాలొచ్చాయి.

ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. జేడీ గారు ముఖ్య అతిథి. వేదిక మీద ఆయన్ని అందరూ గౌరవ సంయుక్త సంచాలకుల వారూ అంటున్నారు, కింద జేడీ సారు అంటున్నారు. వెనక కట్టిన గుడ్డ మీద పేరుంది కానీ నింగమ్మకు చదువు రాదు. ఆమె కొత్త చీర కట్టుకుని, మైకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమె గొంతుకు మైకు అవసరం లేదని ఎవరూ చెప్పలేదు.

వేదిక చివర నిలబడిన వారిజాక్షికి అప్పుడు తట్టింది, నింగమ్మకు తను ఏం చెప్పిందో. మైకు తీసుకుందామని అడుగు వేసింది. అప్పటికే ఆలస్యమైంది.

"అందరికీ దండాలు" అంది నింగమ్మ. "పొద్దు మొదలు పొద్దు గుంకేదాకా తిరిగి నా జీవాలను మేపుకుంటాంటి సామీ. అవి తినిందంతా ఆ పరాంకుశమే తింటాండ్య. రగతమంతా తాగేసె. మంద ముందర నడిచే గొర్రెని సంపేసె. మా డాక్టరమ్మ పుణ్యాన మందు పోసినాం. పోస్తానే ఆ పరాంకుశం పెంటికల్లో పడిపాయ. ఇప్పుడు నా జీవాలు కడుపు నిండా మేస్తాండాయి."

గొర్రెల కాపరులంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళ మందలూ అదే బాధ పడ్డాయి కదా. వేదిక మీద ఉన్నవాళ్ళకు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరువేంగళం గారు షామియానా గుంజల్ని లెక్కపెట్టసాగారు. వారిజాక్షి తల వంచుకుంది. నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి, ఆ చచ్చిన గొర్రె కళ్ళ ముందు మెదిలింది, నవ్వు ఆగిపోయింది.

జేడీ గారు లేచారు. ఆయన మొహంలో ఒక్క గీత కూడా చెదరలేదు. ఇన్నేళ్ళ సర్వీసు ఊరికే పోదు. నింగమ్మకు శాలువా కప్పి, ఫోటో తీసేవాడి వైపు తిరిగి, అలవాటు ప్రకారం అడిగారు.

"చాలా సంతోషమమ్మా. ప్రభుత్వం తరఫున మీకు ఇంకేమైనా కావలెనా?"

నింగమ్మ శాలువా సర్దుకుని ఆయనకు రెండు చేతులెత్తి మొక్కింది.

"ఇంగేం వద్దు సామీ. ఆ పరాంకుశం మల్లా మా జీవాల మింద పడకుండా సూసుకోండి, అదే సాలు."

"తప్పక పరిశీలిస్తాం" అన్నారు జేడీ గారు.